టర్బో పెట్రోలు చిన్న కారు: నడక, పోషణ

కారు కొనదలచిన గృహస్థు మొదట అడుగు ప్రశ్న "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును?" అని. రెండవ ప్రశ్న "నెలకు వాయిదా ఎంత?" అని. ఈ రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని టర్బో అను పరికరము బిగించిన చిన్న పెట్రోలు కారు విషయమున మూడవ ప్రశ్న ఒకటి కలదు. దానిని అడుగువారు అరుదు. "ఈ ఇంజను మా చేతిలో ఏడాదికి ఎన్ని గంటలు పనిచేయును?" అనునదే ఆ ప్రశ్న. కారులోని మీటరు నడచిన దూరమును లెక్కించును; కూడలివద్ద ఆగి యుండగా గడచిన కాలమును ఆ అంకెలలో చేర్చదు. నగరములో తిరుగు కారు ఆరోగ్యము చాలవరకు లెక్కకు రాని ఆ కాలముమీదనే ఆధారపడి యుండును. ఈ సంగతిని వివరించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మేము హైదరాబాదులోని బోరబండలో కాపురముండి, ఒక టర్బో పెట్రోలు హ్యాచ్‌బ్యాకును నాలుగేండ్లుగా వాడుచున్నాము. డిక్కీ వేరుగా వెనుకకు పొడుచుకొని రాక, వెనుక తలుపు నిలువున పైకి లేచు చిన్న కారును హ్యాచ్‌బ్యాకు అందురు. మా కారు ఇంజనుకు మూడు సిలిండర్లు. దాని పరిమాణము ఒక లీటరుకు లోపు. గేర్లు చేతితో మార్చునవి. ఇది ఏ కంపెనీ తయారుచేసినదో ఇచట చెప్పబోము. ఒక వ్యాపారమును పొగడుటకు గాని తెగడుటకు గాని మేము పూనుకొనలేదు. చెప్పబోవు విషయములు కొద్ది భేదములతో ఈ జాతి కార్లన్నిటికిని వర్తించును.

బోరబండ పేరులోనే బండ యున్నది. ఇది చదునైన నేల కాదు. ఎత్తుపల్లములమీద ఇండ్ల వరుసలు అల్లుకొని యుండును. ఒక వీధి చివర గేరు మార్చి ఎక్కవలెను, మరుసటి వీధి మొదట బ్రేకు త్రొక్కి దిగవలెను. ఆటోలు, నీళ్ళ ట్యాంకర్లు, సిటీ బస్సులు, కూరగాయల బండ్లు అన్నియు అదే దారిని పంచుకొనును. ఇచటినుండి పంజాగుట్టకు పోవుటకు మోతీనగర్, ఎర్రగడ్డ, అమీర్‌పేటల మీదుగా ఒక దారియు, యూసుఫ్‌గూడ మీదుగా మరియొక దారియు కలవు. ఏ దారిన పోయినను దూరము ఏడెనిమిది కిలోమీటర్లు. సాయంకాలమున ఆ ఎనిమిది కిలోమీటర్లు దాటుటకు అర్ధగంటకు పైగా పట్టును. అనగా గంటకు సగటున పదునైదు కిలోమీటర్లు. ఈ పదునైదు అను అంకెను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దానితో పని యున్నది.

ముందుగా టర్బో అనగా ఏమో తెలిసికొందము. పెట్రోలు ఇంజనులో మండిన ఇంధనముయొక్క శక్తిలో రమారమి మూడవ వంతు వేడి పొగతో కలిసి వ్యర్థముగా వెలుపలికి పోవును. ఆ పొగ పోవు దారిలో ఒక చిన్న చక్రమును అమర్చినచో, పొగ తాకిడికి అది తిరుగును. అదే ఇరుసు రెండవ కొనకు మరియొక చక్రమును బిగించినచో, అది వెలుపలి గాలిని పీల్చి, కుదించి, సిలిండర్లలోనికి నెట్టును. గాలి ఎక్కువగా చేరినపుడు అందుకు తగినంత పెట్రోలును ఎక్కువగా మండింపవచ్చును. కాబట్టి చిన్న ఇంజను పెద్ద ఇంజనువలె పనిచేయును. వ్యర్థముగా పోవు పొగచేత పని చేయించుకొనుటయే ఇందలి కిటుకు.

ఈ పని సామాన్యమైనది కాదు. ఆ చక్రములు నిమిషమునకు లక్షకు పైబడి చుట్లు తిరుగును. పొగవైపున ఉన్న చక్రమునకు తొమ్మిది వందల డిగ్రీల సెంటీగ్రేడు వరకును వేడి తగులును; దానికి జానెడు దూరములో ఉన్న రెండవ చక్రము వెలుపలి చల్లని గాలిని పీల్చుచుండును. ఈ రెంటి నడుమనున్న ఇరుసు ఇంజను ఆయిలుయొక్క పలుచని పొరమీద తేలుచు తిరుగును. ఆ పొర ఉన్నంతవరకు లోహము లోహమును తాకదు. పొర చెడినచో మిగిలిన ఏ నైపుణ్యమును ఆ ఇరుసును కాపాడజాలదు.

గాలిని కుదించినపుడు అది వేడెక్కును. సైకిలుకు గాలి కొట్టినవారు పంపు అడుగుభాగము వేడెక్కుట ఎరుగుదురు. వేడి గాలి పలుచనగును. పైగా పెట్రోలు సమయమునకు ముందే అంటుకొను ప్రమాదమును తెచ్చును. అందుచేత ఆ గాలిని సిలిండర్లకు పంపుటకు ముందు ఇంటర్‌కూలరు అను చిన్న జల్లెడపెట్టె గుండ పంపి చల్లార్తురు. గాలి ఒత్తిడి మితిమీరకుండ పొగలో కొంత భాగమును చక్రమునకు తగులకుండ ప్రక్కదారి పట్టించు కవాటము ఒకటి యుండును.

ఈ ఊహ క్రొత్తది కాదు. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూహి 1905లోనే దీనికి పేటెంటు పొందెను. మొదట ఓడల ఇంజన్లకును, విమానములకును, లారీలకును ఇది ఉపయోగపడినది. జనులు కొనుగోలు చేయు పెట్రోలు కార్లలో టర్బో మొదట కనిపించినది 1962లో, అమెరికాలో. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలె కోర్వెయిర్ అను రెండు కార్లు ఆ సంవత్సరమే వచ్చినవి. జెట్‌ఫైర్ చరిత్ర మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. ఆ ఇంజనులో పెట్రోలు ముందుగా అంటుకొనకుండుటకై శుద్ధజలమును మిథైల్ ఆల్కహాలును కలిపిన ద్రవమును కొంచెము కొంచెముగా చిమ్మెడి ఏర్పాటు ఉండెను. ఆ ద్రవపు తొట్టిని నింపవలసినవాడు యజమాని. చాలమంది యజమానులు నింపలేదు. నింపనపుడు కారు బలము తగ్గిపోయెడిది. 1963తో ఆ కారు తయారీ నిలిచిపోయినది. పిమ్మట పలువురి కార్లనుండి టర్బోనే తీసివేసిరి. యంత్రము చేసిన వాగ్దానమును నిలువబెట్టవలసిన భారము కొంత యజమానిమీద కూడ ఉండునని ఆ కథ తెలుపుచున్నది. నేటి కార్లలో అట్టి తొట్టి లేదు. దాని స్థానమున ఇంజను ఆయిలు ఉన్నది.

మన దేశమున టర్బో పెట్రోలు చిన్న కార్లు పెరుగుటకు పన్నుల విధానము ఒక కారణము. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1,200 ఘనసెంటీమీటర్లకు మించని పెట్రోలు ఇంజనును గల కారును చిన్న కారుగా పరిగణించి 2006 బడ్జెటులో పన్ను తగ్గించిరి. తరువాత వచ్చిన జి.ఎస్.టి.లోను అదే హద్దు నిలిచినది. 2025 సెప్టెంబరు 22 నుండి అట్టి కార్లపై పన్ను నూటికి 18 వంతులు. హద్దు దాటకుండ బలము పెంచుటకు టర్బో సులభమైన మార్గమైనది. రెండవ కారణము, 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. ఆరు కాలుష్య నియమములు. చిన్న డీజిలు ఇంజన్లను ఆ నియమములకు తగినట్లు తీర్చుట ఖర్చుతో కూడిన పని. కొందరు తయారీదారులు చిన్న డీజిళ్ళను మానుకొనిరి. డీజిలు కారు లాగుడుకు అలవాటుపడిన కొనుగోలుదారులకు టర్బో పెట్రోలు ప్రత్యామ్నాయమైనది.

ఈ వరుసలో ఫోక్స్‌వాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ. 2013లో వచ్చినది, పోలో తయారీ మన దేశమున 2022లో ఆగిపోయినది. మారుతి బలెనో ఆర్.ఎస్. 2017లో వచ్చి కొలదికాలమునకే నిలిచిపోయినది. హ్యుండయ్ ఐ20 టర్బో 2020లోను, టాటా ఆల్ట్రోజ్ ఐటర్బో 2021లోను వచ్చినవి. టర్బోవలన కలుగు భేదమును ఒక ఉదాహరణచేత చూపవచ్చును. 2020 నాటి ఐ20లో టర్బో లేని 1,197 ఘనసెంటీమీటర్ల ఇంజనుయొక్క త్రిప్పు బలము, అనగా మెకానిక్కులు టార్కు అనునది, రమారమి 115 న్యూటన్ మీటర్లు; అది పూర్తిగా అందుటకు ఇంజను నిమిషమునకు 4,200 చుట్లు తిరుగవలెను. అదే కారులో 998 ఘనసెంటీమీటర్ల టర్బో ఇంజను 172 న్యూటన్ మీటర్లు ఇచ్చెడిది; అదియు 1,500 చుట్లనుండి 4,000 చుట్ల వరకు. ఇంజను చిన్నది, బలము ఎక్కువ, అందు చోటు క్రిందుగా. గృహస్థునకు పనికివచ్చు భేదము ఈ మూడవదియే.

ఇక మా అనుభవము. ఇంజను 1,500 చుట్లకు దిగువ నున్నపుడు ఈ కారు మందమతివలె ఉండును. పొగ చాలక చక్రము వేగమందుకొనదు. అపుడు మన చేతిలో నున్నది కేవలము ఒక లీటరు లోపు మూడు సిలిండర్ల ఇంజను. 1,500 దాటిన పిమ్మట ఒక్క క్షణము తడవు చేసి, కారు నెట్టబడినట్లు ముందునకు కదలును. ఈ తడవుకు క్రొత్తవారు అలవాటుపడవలెను. బోరబండ ఎత్తులలో, ముందు బస్సు ఆగి కదలునపుడు, రెండవ గేరులో మెల్లగా ప్రాకుచు యాక్సిలరేటరు అదిమినచో మొదట ఏమియు జరుగదు, వెంటనే చాల జరుగును. ముందు ద్విచక్ర వాహనము ఉన్నపుడు ఇది జాగ్రత్తతో కూడిన పని. పాదమును కొంచెము ముందుగా, కొంచెము తక్కువగా అదుముట నేర్చినవారికి ఈ బాధ ఉండదు. వానలో ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను. తడిసిన ఎత్తులో బలము ఒక్కుమ్మడిగా వచ్చినచో ముందు చక్రములు జారును.

మూడు సిలిండర్ల ఇంజను ఆగియున్నపుడు స్వల్పముగా వణకును. ఎర్రగడ్డ కూడలిలో ఎ.సి. వేసికొని నిలిచినపుడు ఆ వణకు ఆసనమునకు తెలియును. కదలిన పిమ్మట తెలియదు.

నగరము వెలుపల ఈ కారు గుణము మారును. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిమీద గాని, విజయవాడ రహదారిమీద గాని, వంద కిలోమీటర్ల వేగమున ఇంజను పై గేరులో రమారమి 2,500 చుట్లతో నిశ్చింతగా సాగును. లారీని దాటవలసివచ్చినపుడు గేరు తగ్గింపక పాదము అదిమిన చాలును. నలుగురము సామానులతో శ్రీశైలము పోయినపుడు దోమలపెంట దాటిన పిదప వచ్చు ఘాటు మలుపులలో దీని విలువ తెలిసినది. టర్బో లేని చిన్న కారు అట్టిచోట మొదటి గేరునకును రెండవ గేరునకును మధ్య నలిగిపోవును. ఇది రెండవ గేరులో సునాయాసముగా ఎక్కినది. ఎత్తైన ప్రదేశములలో గాలి పలుచన. హైదరాబాదు సముద్రమట్టమునకు రమారమి 540 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇచటి గాలి సముద్రతీరపు గాలికంటె నూటికి ఐదు వంతులు పలుచనిది. సామాన్యపు ఇంజను ఆ మేరకు నష్టపోవును. టర్బో మరికొంచెము వేగముగా తిరిగి ఆ లోటును పూడ్చును.

లీటరు లెక్క అడుగువారికి చెప్పవలసినది ఇది. మా పుస్తకములో వ్రాసికొన్న ప్రకారము నగరములో లీటరుకు పది, పదునొకండు కిలోమీటర్లు, రహదారిమీద పదునేడు. బలమును వాడుకొన్నచో పెట్రోలును వాడినట్లే. టర్బో మితముగా నడుపువానికి చిన్న ఇంజను ఖర్చును, తొందరపడువానికి పెద్ద ఇంజను ఖర్చును చూపును. ఇపుడు బంకులలో లభించు పెట్రోలులో నూటికి ఇరువది వంతుల వరకు ఎథనాలు కలియుచున్నది. లీటరు ఎథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన మిశ్రమములో శక్తి నూటికి ఆరేడు వంతులు తగ్గును. దానికి ప్రతిగా ఎథనాలుకు ముందుగా అంటుకొనని గుణము అధికము. ఇది టర్బో ఇంజనుకు హితమైనది. తమ కారు ఎంత శాతము ఎథనాలుకు తగినట్లు తయారైనదో యజమాని పుస్తకములో చూచుకొనుట మంచిది.

ఇక పోషణ. మా కారుతో వచ్చిన పుస్తకములో 10,000 కిలోమీటర్లకు గాని, ఒక సంవత్సరమునకు గాని, ఏది ముందైన దానికి ఆయిలు మార్చవలెనని యున్నది. చాలమంది అంతవరకు చదివి పుస్తకము మూసివేయుదురు. పుట త్రిప్పినచో రెండవ పట్టిక కనిపించును. దాని శీర్షిక "కఠిన పరిస్థితులలో వాడుక" అను అర్థము నిచ్చునది. ఆ పరిస్థితులు ఏవి? మాటిమాటికి ఆగుచు సాగు ప్రయాణము, ఇంజను వేడెక్కకముందే ముగియు కొద్దిపాటి దూరములు, ధూళి, తీవ్రమైన ఎండ, ఎత్తుపల్లముల దారి. ఏ ఎడారినో కొండప్రాంతమునో ఉద్దేశించి వ్రాసినట్లు కనిపించు ఈ పట్టిక అక్షరాల బోరబండ వర్ణనము. ఇట్టి వాడుకలో ఆయిలు మార్చు గడువు సగమునకు తగ్గవలెనని అందు వ్రాసియున్నది. ఇట్టి రెండవ పట్టిక చాల కంపెనీల పుస్తకములలో కలదు.

ఇందుకు కారణమును పైన జ్ఞాపకముంచుకొన్న అంకె చెప్పును. మా కారు ఏడాదికి 8,000 కిలోమీటర్లు నడచును. అందు నగరములో 5,500, రహదారులమీద 2,500. నగరపు వేగము గంటకు 15 కిలోమీటర్లయినచో 5,500 కిలోమీటర్లకు 367 గంటలు పట్టును. రహదారిమీద సగటు వేగము 60 అనుకొన్నచో 2,500 కిలోమీటర్లకు 42 గంటలు. మొత్తము రమారమి 409 గంటలు. అదే 8,000 కిలోమీటర్లు రహదారిమీదనే నడచిన కారు ఇంజను పనిచేయునది 133 గంటలు మాత్రమే. మీటరు రెంటిని సమానముగా చూపును. ఇంజను మూడు రెట్లు భేదమును అనుభవించును. నాలుగేండ్లలో మా మీటరు 32,000 చూపుచున్నది. ఇంజను పనిచేసిన కాలమును బట్టి చూచినచో అది లక్ష కిలోమీటర్లకు చేరువగా రహదారిమీద నడచిన కారుతో సమానము. ఆగియున్న గంట పరుగెత్తిన గంటతో భారమున సమానము కాదను మాట నిజమే. కాని ఆయిలు ఆ గంటలోను వేడిని, మసిని మోయుచునే యుండును.

మరియొక చిక్కు కలదు. నేటి టర్బో ఇంజన్లలో చాలవాటియందు పెట్రోలును తిన్నగా సిలిండరులోనికే చిమ్ముదురు. ఇంజను చల్లగా ఉన్నపుడు ఆ పెట్రోలులో కొంత పూర్తిగా ఆవిరికాక, గోడలవెంట జారి ఆయిలులో కలియును. దూరప్రయాణములో ఆయిలు బాగుగా వేడెక్కినపుడు ఆ పెట్రోలు ఆవిరియై పోవును. రెండు కిలోమీటర్లు పోయి ఆపివేసినచో అది అచటనే నిలిచి, ఆయిలును పలుచన చేయును. ఏ పలుచని పొరమీద టర్బో ఇరుసు తేలవలెనో ఆ పొరయే బలహీనమగును. కాబట్టి పాలప్యాకెట్టు కొరకు, వీధి చివరి మందుల అంగడి కొరకు మేము కారు తీయము, నడచి పోవుదుము. ఇది కాళ్ళకును మేలు, కారునకును మేలు.

మేము 5,000 కిలోమీటర్లకు గాని ఆరు నెలలకు గాని, ఏది ముందైన దానికి ఆయిలును ఆయిలు ఫిల్టరును మార్పించుచున్నాము. మొదటి ఆరు నెలలకు 3,900 కిలోమీటర్లతో పోయినపుడు ఒక సర్వీసు కేంద్రమువారు "ఇంకను సగము కూడ కాలేదు, ఇపుడు ఎందుకు?" అని త్రిప్పి పంపబోయిరి. రెండవ పట్టిక చూపిన పిమ్మట మార్చిరి. ఏడాదికి అదనముగా చేయించు ఈ ఒక్క మార్పునకు మాకు అగు ఖర్చు మూడు వేల ఆరు వందల రూపాయల ప్రాంతము. నెలకు మూడు వందలు. చెడిపోయిన టర్బోను మార్చుటకు పదుల వేల రూపాయలగును. ఆ రెంటిని తూచి చూచుకొనుట ప్రతి గృహస్థునకును సాధ్యమే.

ఆయిలు రకము కూడ ముఖ్యము. పుస్తకములో చెప్పిన చిక్కదనము గలదానినే వాడవలెను; "చిక్కనిది పోసిన బలము" అను పాతమాట ఈ ఇంజన్లకు పనికిరాదు. డబ్బామీద ఎ.పి.ఐ. ప్రమాణము చూడవలెను. 2020లో వచ్చిన ఎస్.పి. అను ప్రమాణము టర్బో పెట్రోలు ఇంజన్లకు కలుగు ఒక ప్రత్యేకమైన కీడును దృష్టియందుంచుకొన్నది. తక్కువ చుట్లతో, పై గేరులో, పాదము గట్టిగా అదిమినపుడు, నిప్పురవ్వ రాకముందే సిలిండరులోని మిశ్రమము తనంత తాను ప్రేలవచ్చును. అది పిస్టనును పగులగొట్టగలంత తీవ్రమైనది. మంచి ఆయిలు దీనిని తగ్గించును. నడుపువాని చేయి దీనిని మరింత తగ్గించును. ఎత్తు ఎక్కునపుడు నాలుగవ గేరులో మూలుగుచున్న ఇంజనును పాదముతో హింసింపక, మూడవ గేరునకో రెండవ గేరునకో దిగవలెను. పెట్రోలు ఆదాకై పై గేరులో ఈడ్చు అలవాటు ఈ ఇంజన్లతో మానుకొనదగినది.

ఆయిలు మట్టము నెలకొకసారి చూచుట మా ఇంట నియమము. చదునైన నేలమీద కారు నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు ఆగి కడ్డీ తీసి చూడవలెను. బోరబండలో చదునైన చోటు వెదకుటయే ఈ పనిలో మొదటి మెట్టు. వాలులో చూచిన మట్టము నమ్మదగినది కాదు. మట్టము తగ్గుచున్నచో కారణము వెదకవలెను. పెరుగుచున్నచో మరింత తొందరగా వెదకవలెను. పెట్రోలు ఆయిలులో కలియుచున్నదనుటకు అది గుర్తు. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో ఆయిలు మండుచున్నదని తెలియవలెను. ఈలవంటి క్రొత్త శబ్దముతో బలము తగ్గినచో గాలి గొట్టములలో ఎచటనో చీలిక ఉండవచ్చును. అది చిన్న మరమ్మతు, టర్బో చెడినదని బెదరిపోనక్కరలేదు.

ఇంజను ఆపుటకు ముందు కొంతసేపు ఊరక నడువనీయవలెనా అని పలువురు అడుగుదురు. ఘాటు ఎక్కి వచ్చిన వెంటనే గాని, వేగముగా సాగి దాబావద్ద ఆగిన వెంటనే గాని ఇంజను ఆపివేసినచో, ఆయిలు ప్రవాహము నిలిచి, ఎఱ్ఱగా కాలియున్న చక్రమువద్ద మిగిలిన ఆయిలు మాడి మసిగట్టును. అట్టిచోట అర్ధనిమిషమో నిమిషమో ఆగుట మంచిది. లేదా చివరి కిలోమీటరు మెల్లగా నడిపినను చాలును. అమీర్‌పేటనుండి ఇల్లు చేరిన కారు అంతవరకు ప్రాకుచునే వచ్చినది గనుక దానికి ఈ ఉపచారము అక్కరలేదు. నేటి టర్బోలలో పెక్కింటికి నీటి చల్లదనము కూడ కలదు. ప్రొద్దుట బయలుదేరునపుడు కూడ గడియల తరబడి నిలుచుండి వేడిచేయ నక్కరలేదు. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు మృదువుగా నడిపిన చాలును. సూచిక నీటి వేడిమిని మాత్రమే చూపును. ఆయిలు దానికంటె ఆలస్యముగా వేడెక్కును.

మిగిలిన భాగములగూర్చి క్లుప్తముగా చెప్పవచ్చును. గాలి ఫిల్టరును ప్రతి ఆయిలు మార్పునందును చూపించవలెను. నిర్మాణముల ధూళి టర్బో రెక్కలకు శత్రువు. స్పార్కు ప్లగ్గులు పుస్తకములో చెప్పిన రకమువే కావలెను. సిలిండరులో ఒత్తిడి ఎక్కువగుటచే రవ్వ దూకుట కష్టము. ప్లగ్గు అరిగినచో ఎత్తులలో ఇంజను తడబడును. కూలెంటు స్థానమున కుళాయినీరు పోయరాదు. క్లచ్చి విషయమున ఎత్తులో సగము త్రొక్కి కారును నిలుపు అలవాటు విడిచి, చేతిబ్రేకు వాడవలెను. క్లచ్చి పెడలు లేని రెండు క్లచ్చిల గేరుపెట్టెలు గల కార్లయందు కూడ ఇదే నియమము: వాలులో యాక్సిలరేటరుతో కారును నిలుపరాదు, బ్రేకు త్రొక్కవలెను. 2020 అక్టోబరు నాటి వానలను చూచిన నగరవాసులకు నీటిలో కారు నడుపుటలోని అపాయము క్రొత్తగా చెప్పనక్కరలేదు. గాలి పీల్చు మార్గమునకు నీరు అందినచో ఇంజను వంగి విరుగును. పల్లములో నీరు నిలిచినపుడు వీధి మీదిభాగమున కారు నిలుపుటయే క్షేమము.

పాతకారు కొనువారికి ఈ వివరములు మరింత అవసరము. తయారీ నిలిచిపోయిన టర్బో కార్లు వాడిన కార్ల అంగడిలో నేటికిని చేతులు మారుచున్నవి. అట్టి కారు కొనునపుడు మీటరులోని అంకె తక్కువగా ఉన్నదని సంతోషింపరాదు. ఆయిలు మార్పించిన బిల్లులను తేదీలతో సహా చూపుమని అడుగవలెను. ఐదేండ్లలో 25,000 కిలోమీటర్లు నడచి, రెండే రెండు ఆయిలు మార్పులు చూచిన నగరపు కారుకంటె, 70,000 కిలోమీటర్లు నడచి సకాలమున ఆయిలు మారిన రహదారి కారు నమ్మదగినది.

ఈ కారు ఎవరికి తగినది? ఇంటినుండి కూరగాయల అంగడికి, బడికి మాత్రమే తిరుగువారికి టర్బో అక్కరలేదు. సామాన్యపు ఇంజను తక్కువ ధరకు, తక్కువ శ్రద్ధతో ఆ పని చేయును. వారము దినములు నగరములో తిరిగి, నెలకొకసారి యైనను కుటుంబముతో దూరము పోవువారికి, ఎత్తైన దారులలో నలుగురిని ఎక్కించుకొనువారికి ఇది తగిన వాహనమే. అయితే కొనుటకు ముందు ఒక కాగితము తీసికొని, తాము ఏడాదికి నగరములో నడుపు కిలోమీటర్లను పదునైదుచేత భాగించి చూచుకొందురు గాక. వచ్చిన గంటల సంఖ్య మూడు వందలు దాటినచో పుస్తకములోని రెండవ పట్టికయే తమ పట్టిక అని తెలిసికొని, ఆరు నెలలకొక ఆయిలు మార్పునకు ఇంటి ఖర్చులలో చోటు చూపవలెను.